డెలివరీ డ్రోన్ దారికి రిస్కు లెక్క ఎలా కట్టాలి: నల్లగొండ, పాలమూరు లాంటి ఊళ్ల కోసం

మందులో, రక్త నమూనాలో, బిర్యానీ పొట్లాలో డ్రోన్ మీద పంపిస్తామని ఎవరో మీ ఊరికి వచ్చారనుకోండి. ఫైలు మున్సిపాలిటీకో ఆసుపత్రికో చేరింది. ఇది సేఫేనా కాదా అని మీరు రాసివ్వాలి. కంపెనీవాళ్లు ఇచ్చే రిపోర్టు తిరగేస్తే దాదాపు అంతా డ్రోన్ గురించే ఉంటుంది. ఎన్ని మోటార్లు, ఎన్ని సెన్సార్లు, సాఫ్ట్‌వేర్ ఎంత తెలివైనది అని. కింద ఉన్న ఊరి గురించి ఒక పేజీ ఉంటే గొప్ప. మీ పని ఆ పేజీతోనే మొదలవ్వాలి. అదే డ్రోన్ పొద్దున ఆరింటికి ఉదయసముద్రం నీళ్ల మీద ఎగిరితే ఉండే రిస్కు వేరు, సాయంత్రం ఆరింటికి ప్రకాశం బజార్ మీద ఎగిరితే వేరు.

లెక్క కోసం ఒక దారి అనుకుందాం. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి మందుల గోదాం నుంచి పానగల్ వైపు, గాలిలో 4 కిలోమీటర్లు. డ్రోన్ 5.5 కిలోలు, సరుకు కిలోన్నర, మొత్తం 7 కిలోలు. ఎత్తు 60 మీటర్లు. వేగం సెకనుకు 15 మీటర్లు, అంటే గంటకు 54 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్‌లో న్యూటౌన్ నుంచి బయటికి గీసుకున్నా ఇదే లెక్క, పేర్లు మారతాయంతే.

1. కాగితాలు త్వరగా చూసేయండి

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల లోపు ఉన్నది 'స్మాల్' తరగతి. మన ఉదాహరణ అందులోకే వస్తుంది. రిజిస్ట్రేషన్ నంబరు (యూఐఎన్), ఆ మోడల్‌కు ఆమోదం ఉందని చూపే టైప్ సర్టిఫికెట్, పైలట్‌కు రిమోట్ పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ బీమా, ఈ నాలుగూ కావాలి. యూఐఎన్ కాగితం మీది సీరియల్ నంబరు, డ్రోన్ ఒంటి మీది నంబరుతో కలుస్తుందా అని మీ కళ్లతో చూడండి. రిపేరు చేసి భాగాలు మార్చినప్పుడు ఇది తప్పుతుంది. ప్రమాదం జరిగాక బీమా వాళ్లు మొదట పట్టుకునేది దీన్నే.

డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైటు డిజిటల్ స్కై. దాని మ్యాపులో దారి ఏ రంగులో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా, విడిగా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ పరిమితి 200 అడుగులే. శంషాబాద్ నుంచి మన రెండు పట్టణాలూ ఆ పరిధికి చాలా దూరం, కాబట్టి దీంతో పేచీ లేదు. అయితే ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ద్వారా రాష్ట్ర ప్రభుత్వం 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ (అనుమతి లేనిదే ఎగరకూడని చోటు) పెట్టొచ్చు. మంత్రులు వచ్చిన రోజు సర్వీసు ఆపే బాధ్యత ఎవరిదో ముందే పేరు రాసి పెట్టుకోండి.

పైలట్ కంటికి కనబడే దూరం దాటి ఎగరడానికి డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన అనుమతి ఏదో చూపించమనండి. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మొదలైన, డ్రోన్ల మీద మందులు పంపే 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' కూడా కేంద్రం ఇచ్చిన షరతులతో కూడిన మినహాయింపు మీదే నడిచింది. "గ్రీన్ జోనే కదా సార్" అన్నది దీనికి జవాబు కాదు.

2. మ్యాపు మీద పట్టీ గీయండి

కంపెనీ మ్యాపులో సన్నటి గీత ఉంటుంది. డ్రోన్ ఆ గీత మీద ఎగరొచ్చు గానీ పడేటప్పుడు గీత చూసుకుని పడదు. గీతకు రెండు వైపులా మూడు వెడల్పులు కలపండి.

మొదటిది, మామూలుగా అటూ ఇటూ జరిగే దూరం. జీపీఎస్ బాగున్నా, గాలి తోసేది కలిపి 10 మీటర్లు పెట్టండి.

రెండోది, దారి తప్పినట్టు తెలిసి ఆపేలోపు పోయే దూరం. పైలట్‌కు అర్థం కావడానికి 3 సెకన్లు, అంటే 45 మీటర్లు. బ్రేకు పడి ఆగడానికి ఇంకో 35–40 మీటర్లు. మొత్తం దాదాపు 80.

మూడోది, పడేటప్పుడు ముందుకు కొట్టుకుపోయే దూరం. 60 మీటర్ల ఎత్తు నుంచి నేలకు చేరడానికి మూడున్నర సెకన్లు. సెకనుకు 15 మీటర్ల వేగంతో అది 52 మీటర్లు ముందుకు పోతుంది. అందుకే ఎత్తు ఎంతో పక్క వెడల్పు కనీసం అంత పెట్టమంటారు. ఇక్కడ 60.

10, 80, 60 కలిపితే ఒక వైపు 150 మీటర్లు. రెండు వైపులా 300. 4 కిలోమీటర్ల పొడవుకు 1.2 చదరపు కిలోమీటర్ల ఊరు ఆ డ్రోన్ కింద ఉన్నట్టు లెక్క. మీరు చూడాల్సింది ఇంత జాగా.

పారాచూట్ ఉంటే ఈ పట్టీ సన్నబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వెడల్పవుతుంది. పారాచూట్ సెకనుకు 5 మీటర్ల చొప్పున దించితే 60 మీటర్లు దిగడానికి 12 సెకన్లు పడుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలి ఉంటే ఆ లోపు 72 మీటర్లు పక్కకు పోతుంది. దెబ్బ తగ్గుతుంది, పడే చోటు మాత్రం మన చేతిలో ఉండదు.

3. పడితే ఎంత దెబ్బ

బరువును ఎత్తుతో, 9.8తో గుణించండి. 7 × 60 × 9.8 అంటే సుమారు 4,100 జూళ్లు (జూలు శక్తికి కొలత). గాలి అడ్డంకి కొంత తగ్గిస్తుంది, కానీ సగానికి సగం తగ్గిందనుకున్నా తలమీద పడితే బతకడం కష్టం. జూళ్లు చెబితే మీటింగులో ఎవరికీ ఎక్కదు. ఇరవై అంతస్తుల పైనుంచి ఏడు కిలోల బియ్యం సంచి జారవిడిచినట్టు అని చెప్పండి. పారాచూట్ సరిగ్గా తెరుచుకుంటే 90 జూళ్ల లోపే, అదే సంచి ఛాతీ ఎత్తు నుంచి పడినట్టు.

'సరిగ్గా తెరుచుకుంటే' అన్న దాని కింద గీత గీయండి. 2019లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఆసుపత్రి నమూనాలు మోసే డ్రోన్లు రెండు కూలాయి. జనవరిలో ఒకటి పారాచూట్ తెరుచుకున్నాకే సరస్సులో పడింది. మేలో రెండోదానికి పారాచూట్ విచ్చుకుంది గానీ దాని తాడు తెగిపోయింది. పిల్లలు ఆడుకుంటున్న చోటికి దాదాపు 50 మీటర్ల దూరంలో డ్రోన్ రాయిలా పడింది. కాబట్టి పారాచూట్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఏ ఎత్తు కంటే కింద అది పనిచేయదు, డ్రోన్ కంప్యూటర్ చచ్చిపోయినా విడిగా తెరుచుకుంటుందా, నిండు బరువుతో ఎన్నిసార్లు పరీక్షించారు, తాడు ఏ అంచుకు రాసుకుంటుంది, ఈ నాలుగూ అడగండి. నాలుగో దానికి జవాబు డ్రోన్‌ను తిరగేసి వేలితో తడిమితేనే దొరుకుతుంది.

4. ఆ పట్టీ కింద నడవండి

ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి. మున్సిపాలిటీ జనాభాను వైశాల్యంతో భాగించి 'చదరపు కిలోమీటరుకు ఇంతమంది' అని రాసే రిపోర్టును పక్కన పెట్టేయండి. మన మున్సిపాలిటీల్లో విలీనమైన ఊళ్ల పొలాలు, గుట్టలు, చెరువు శిఖాలు కూడా ఉంటాయి. ఆ సగటు బజారుకూ సరిపోదు, పొలానికీ సరిపోదు.

పట్టీని 100 మీటర్లకు 100 మీటర్ల గడులుగా కోయండి. అన్నీ కుదరకపోతే జనం ఎక్కువున్న పది గడులు, తక్కువున్న ఐదు గడులు చాలు. ఒక్కో గడిలో ఆకాశం కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి వందతో గుణిస్తే చదరపు కిలోమీటరు లెక్క వస్తుంది. బజారు గడిలో సాయంత్రం 300 మంది కనబడితే అది 30,000. అదే గడిలో పొద్దున ఆరింటికి 15 మందే ఉంటే 1,500. లెక్క మూడు వేళల్లో తీయాలి. పొద్దున 7–8, బడి మధ్యాహ్న విరామం, సాయంత్రం 6–8. అంగడి రోజు విడిగా ఇంకోసారి.

ఇంట్లో ఉన్నవాళ్లను అందరూ 'కప్పు కింద ఉన్నారు' అని తీసేస్తారు. ఏ కప్పు? ఆర్‌సీసీ స్లాబు అయితే సరే. సిమెంటు రేకులు, ఇనుప రేకులు, పెంకులు, కూరగాయల బండి మీది టార్పాలిన్, వీటి కింద ఉన్నవాళ్లను బయట ఉన్నట్టే లెక్కించండి. ఏడు కిలోలు ఆ వేగంతో వస్తే సిమెంటు రేకు ఆపదు. ఇంకోటి, బయటి ఊళ్ల పుస్తకాల్లో దొరకనిది: ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రాత్రి తొమ్మిది దాటాక జనం మిద్దె మీద పడుకుంటారు. పగలు స్లాబు కింద ఉన్న కుటుంబమే రాత్రి స్లాబు పైన ఉంటుంది. రోడ్లు ఖాళీ కదా అని కంపెనీ రాత్రి సర్వీసు పెడతానంటే, వేసవిలో ఒక రాత్రి ఏదైనా ఎత్తైన మిద్దె ఎక్కి చుట్టూ పరచిన పక్కలు లెక్కపెట్టి అప్పుడు సంతకం పెట్టండి.

పండుగల క్యాలెండరు కూడా ఈ లెక్కలోదే. సద్దుల బతుకమ్మ సాయంత్రం చెరువు కట్ట మీద, వినాయక నిమజ్జనం రోజు అదే కట్ట మీద, ఉర్సు రోజుల్లో లతీఫ్ సాహెబ్ గుట్ట దారిలో, చెర్వుగట్టు జాతరకు పోయే రోడ్ల మీద, పాలమూరు వైపు మన్యంకొండ, కురుమూర్తి జాతర్లప్పుడు మామూలు రోజు లెక్కలన్నీ పనికిరావు. ఆ రోజులకు 'ఎగరకూడదు' అని తేదీలతో సహా రాసి ఇవ్వండి. 'తగిన జాగ్రత్తలతో' అని రాస్తే ఎగురుతారు.

గడులు నిండాక సోరా (SORA) అనే డ్రోన్ రిస్కు పద్ధతి పట్టికతో ఒకసారి పోల్చుకోండి. పలు దేశాల విమానయాన నియంత్రణ సంస్థల నిపుణులు కలిసి చేసిన పద్ధతి ఇది. దాని 2.5 రూపం 2024లో వచ్చింది. మన డ్రోన్ లాగా 1 మీటరు దాటి 3 మీటర్ల లోపు ఉన్నదానికి చదరపు కిలోమీటరుకు 5,000 మంది లోపు అయితే నేల రిస్కు 6, 50,000 లోపు అయితే 7, ఆ పైన 8. తగ్గింపులన్నీ పోగా 7 దాటితే ఆ పద్ధతిలో ఇక దారి లేదు. పారాచూట్‌కు ఒకటో రెండో అంకెలు తగ్గుతాయి, అదీ పరీక్షల రుజువు ఉంటేనే. మన బజారు గడి ఏ తగ్గింపూ లేకుండా 7 దగ్గర నిలబడుతుంది.

5. గాలిలో అడ్డం వచ్చేవి

నడిచేటప్పుడే తల పైకెత్తి రాసుకోండి.

కరెంటు తీగలు. 11 కిలోవోల్ట్ స్తంభాలు 8–9 మీటర్లు, 132, 220 కిలోవోల్ట్ టవర్లు 25–40 మీటర్లు. 60 మీటర్ల ఎత్తులో పోయే డ్రోన్‌కు పెద్ద టవర్లు దాటేటప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రమే గండం. పెద్ద లైనును అడ్డంగా, తక్కువ దూరంలో దాటాలి. దాని వెంట ఎగరకూడదు. సన్నటి తీగను కెమెరా సెన్సార్ చూస్తుందన్న మాట నమ్మొద్దు, ముఖ్యంగా ఎదురెండలో. 2022లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ దగ్గర ఒక డెలివరీ డ్రోన్ తీగల మీద దిగి, దాదాపు 2,000 ఇళ్లకు కరెంటు పోయింది.

గుట్టలు. డ్రోన్ చూపే 60 మీటర్లు అది లేచిన చోటు నుంచి కొలిచిన ఎత్తు. లతీఫ్ సాహెబ్ గుట్ట పక్కనుంచి గీసిన దారిలో ఆ అంకె మోసం చేస్తుంది. ప్రతి 100 మీటర్లకు నేల ఎత్తు ఎంతో, డ్రోన్ ఎత్తు ఎంతో పక్కపక్కన రాసిన పట్టిక అడగండి.

క్రేన్లు, కొత్త బిల్డింగులు. 2025 అక్టోబరులో అమెరికాలోని అరిజోనాలో రెండు డెలివరీ డ్రోన్లు ఒకే క్రేన్ చేతికి తగిలి పడ్డాయి. మ్యాపు ఆర్నెల్ల కిందటిది, క్రేన్ నిన్నటిది అయితే మన దగ్గరా అదే జరుగుతుంది. పట్టీలో పని నడుస్తున్న సైట్ల జాబితా టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి నెలనెలా రావాలి.

గద్దలు. మాంసం, చేపల దుకాణాలు, చెత్త డంపింగ్ యార్డు ఎక్కడుంటే అక్కడ తిరుగుతాయి. ఎండ ఎక్కాక వేడిగాలి పట్టుకుని సరిగ్గా డ్రోన్లు ఎగిరే ఎత్తులోనే చుట్లు కొడతాయి. గూడు పెట్టిన కాలంలో మీదికి వస్తాయి. మటన్ కొట్టు దగ్గర ఆగి "అన్నా, గద్దలు ఏ టైముకు దిగుతయి?" అని అడిగితే, ఏ సాఫ్ట్‌వేర్ చెప్పనంత కచ్చితంగా చెబుతాడు. రాసుకోండి.

గాలిపటాలు. సంక్రాంతికి ముందూ వెనకా వారం. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. ఆ దారం ప్రొపెల్లర్‌కు తగిలితే మోటారు ఇరుసుకు చుట్టుకుని బిగుసుకుంటుంది. నాలుగు మోటార్ల డ్రోన్‌కు ఒక మోటారు పోతే నిలబడదు. ఆరు, ఎనిమిది ఉన్నది నిలబడొచ్చు, నిండు బరువుతోనూ నిలబడుతుందా అన్నది కంపెనీ చూపించాలి. ఆ వారం సర్వీసు బంద్ పెట్టడమే సులువు.

వేరే ఎగిరేవి. లగ్గాల సీజన్లో ఫంక్షన్ హాళ్ల మీద ఫొటోగ్రాఫర్ల డ్రోన్లు ఎవరికీ చెప్పకుండా లేస్తాయి. పట్టీలో ఉన్న హాళ్ల మేనేజర్లతో మాట్లాడి పెట్టుకోవాలి. దారి నాగార్జునసాగర్ వైపు అయితే అక్కడి ఎయిర్‌స్ట్రిప్ నుంచి శిక్షణ విమానాలు తిరిగే ప్రాంతమని గుర్తుంచుకోండి. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలంలో కూలింది అలాంటి విమానమే. మనుషులున్న విమానానికి డ్రోనే ఎప్పుడూ దారివ్వాలి.

6. ఎండ, గాలి, బ్యాటరీ

కంపెనీ బ్రోషర్‌లో '22 నిమిషాలు ఎగురుతుంది' అని ఉంటుంది. 6 సెల్స్, 22.2 వోల్ట్, 22,000 మిల్లీ యాంపియర్ అవర్ బ్యాటరీతో 7 కిలోల డ్రోన్‌కు అది నమ్మదగ్గ అంకే. ఇప్పుడు దాన్ని మే నెల నల్లగొండకు తీసుకురండి.

45 డిగ్రీల ఎండలో, సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్లకు పైన ఉన్న మన నేల మీద, గాలి ప్రామాణిక గాలి కంటే దాదాపు 15 శాతం పలచన. అదే బరువు మోయడానికి మోటార్లు సుమారు 8 శాతం ఎక్కువ కరెంటు తాగుతాయి. 22 నిమిషాలు 20 అయింది. బ్యాటరీ పాతబడి 20 శాతం సామర్థ్యం పోయిందనుకోండి, 16 అయింది.

ఇక దారి. గాలి లేకపోతే పోయిరావడానికి 9 నిమిషాలు, ఎక్కడం దిగడం సరుకు దించడం 3 నిమిషాలు, మొత్తం 12. సెకనుకు 8 మీటర్ల పడమటి గాలి ఉంటే? జూన్, జూలైలో ఇది మామూలే. పోయేటప్పుడు గాలి తోసి 3 నిమిషాల్లో చేరుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలిలో నేల మీద వేగం సెకనుకు 7 మీటర్లే, తొమ్మిదిన్నర నిమిషాలు. దించే టైముతో కలిపి పదిహేనున్నర. చేతిలో ఉన్నవి 16. సరుకు దించాక బరువు తగ్గి కొంచెం మిగలొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నిర్ణయం ఇలా రాయండి: దిగేసరికి కనీసం 30 శాతం మిగలాలి, అలా మిగలని గాలి వేగమే ఆ దారికి గాలి పరిమితి. బ్రోషర్‌లోని 'సెకనుకు 12 మీటర్ల గాలిని తట్టుకుంటుంది' అన్నది డ్రోన్ తిరగబడదని మాత్రమే చెబుతుంది, ఇల్లు చేరుతుందని చెప్పదు.

బ్యాటరీల గదిలోకి వెళ్లి చూడండి. ప్రతి బ్యాటరీకి నంబరు, ఛార్జింగ్‌ల లెక్క, సెల్స్ మధ్య వోల్టేజి తేడా రాసిన పుస్తకం ఉండాలి. ఉబ్బింది, సెల్స్ తేడా చూపేది పక్కకు పోవాలి. దిగిన వెంటనే వేడి మీదున్న బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టకూడదు. 45 డిగ్రీల లోపుకు చల్లారాలి. మధ్యాహ్నం రేకుల షెడ్డులో బయటి వేడే 45 ఉంటే అది ఎప్పటికీ చల్లారదు. కూలర్ లేని షెడ్డు కనబడితే అది ఒక్కటే ఫైలు వెనక్కి పంపడానికి చాలు.

ఏప్రిల్, మే సాయంత్రాల ఈదురుగాలి వేరే సంగతి. నిమిషాల్లో లేస్తుంది, దుమ్ముతో వస్తుంది. పడమర మబ్బు కమ్మితే కొత్త ట్రిప్పు లేవకూడదు, గాలిలో ఉన్నది దగ్గరి దిగే చోటుకు పోవాలి. ఆ చోట్లు ముందే గుర్తించి ఉండాలి. దారిలో కిలోమీటరుకు ఒకటైనా కావాలి, కంచె వేసిన ఖాళీ స్థలమో, బీడు భూమో. బడి గ్రౌండు రాస్తే కొట్టేయండి. సెలవు రోజు కూడా పిల్లలు క్రికెట్ ఆడేది అక్కడే.

7. ఏది చెడుతుంది, ఎందుకు

ఒక్కో లోపానికి మూడు ముక్కలు రాయండి: ఏం చెడింది, డ్రోన్ అప్పుడు ఏం చేస్తుంది, అలా చేస్తే కింద ఎవరున్నారు. మూడోదే రిపోర్టుల్లో ఉండదు.

సిగ్నల్ తెగిందనుకోండి. చాలా డ్రోన్లు తిన్నగా ఇంటికి తిరుగుతాయి. మీరు బజారును తప్పించి వంకర దారి గీశారు, అది మాత్రం వెనక్కి బజారు మీదుగా తిన్నగా వస్తుంది. వచ్చిన దారినే తిరిగి వెళ్లేలా పెట్టారా అని స్క్రీన్ మీద చూపించమనండి. 4జీ మీద నడిచే డ్రోన్ అయితే 60 మీటర్ల ఎత్తులో సిగ్నల్ నేల మీద ఉన్నట్టు ఉండదు. టవర్ల యాంటెనాలు కిందికి వంచి ఉంటాయి, పైన ఒకేసారి చాలా టవర్లు తగులుతాయి. నేల మీద ఫోన్ పట్టుకుని తీసిన సిగ్నల్ మ్యాపు ఇక్కడ పనికిరాదు, ఎగిరి తీసిన రికార్డే కావాలి.

జీపీఎస్ పోతే గాలివాటున కొట్టుకుపోతుంది. సెకనుకు 6 మీటర్ల గాలిలో ఒక్క నిమిషం చాలు, 360 మీటర్లు, మీ పట్టీ దాటేసినట్టే. ఎన్ని సెకన్లకు పారాచూట్ తెరుస్తుందో అంకె రాయించుకోండి.

దిక్సూచి తప్పు చూపడం మిద్దె మీదినుంచి లేచే చోట్ల ఎక్కువ. స్లాబులోని ఇనుప చువ్వలు, పక్కనున్న రేకులు, సెల్ టవర్ దాన్ని తికమక పెడతాయి. లేచిన వెంటనే చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలైతే కారణం సాధారణంగా ఇదే.

సాఫ్ట్‌వేర్ మార్పు కూడా లోపమే. 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరెగన్‌లో పరీక్షల్లో ఉన్న డెలివరీ డ్రోన్లు రెండు చినుకుల్లో కూలాయి. ఎత్తు కొలిచే లైడార్ (లేజర్ సెన్సార్) తప్పు చెప్పడంతో నేల మీద దిగేశామనుకుని గాల్లోనే మోటార్లు ఆపేశాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ప్రతిసారీ చెరువు మీదో బీడు మీదో మళ్లీ పరీక్ష ఎగరవేతలు జరగాలని షరతు పెట్టండి.

8. దించే చోటు

ఊరంతా దాటి వచ్చినదానికి చివరి ఇరవై మీటర్లే కష్టం. తాడుతో దించే రకం అయితే డ్రోన్ 15–20 మీటర్ల మీద నిలబడుతుంది. చాలా పారాచూట్లు తెరుచుకోవడానికి ఆ ఎత్తు చాలదు. పైగా పిల్లలు తాడు పట్టి లాగుతారు, అది కేబుల్ టీవీ వైరుకో చెట్టు కొమ్మకో తగులుకుంటుంది. తాడు బిగుసుకుంటే దానంతట అదే కత్తిరించి వదిలేసే ఏర్పాటు ఉందో లేదో ఎదురుగా లాగి చూడండి. దించే చోటు చుట్టూ 10 మీటర్ల కంచె, పైన ఏ తీగా లేని ఆకాశం, ఫోన్ పట్టుకున్న ఒక మనిషి, ఇవి లేకుండా వద్దు. రక్తం, కళ్లె లాంటి నమూనాలైతే మూడు పొరల ప్యాకింగు, పైన రోగ నమూనాలని తెలిపే యూఎన్ 3373 గుర్తు ఉండాలి. బీబీనగర్ ఎయిమ్స్‌తో సహా దేశంలో 11 పెద్ద వైద్య సంస్థల్లో డ్రోన్ సేవలు 2024 అక్టోబరులో మొదలయ్యాయి కాబట్టి మన దగ్గరా ఇలాంటి ఫైళ్లు పెరుగుతాయి.

9. మార్కులు వేయండి, కానీ పెన్నుతో తగ్గించకండి

విమానయానంలో వాడే పట్టికే చాలు. జరిగే అవకాశానికి 1 నుంచి 5 (5 అంటే ఎక్కువ), నష్టానికి ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి ఈ (ఏ అంటే అన్నిటికంటే ఎక్కువ). ఒక్క ప్రాణం పోయే వీలున్నా 'ఏ' వేయండి. 3ఏ వస్తే ఒప్పుకోకూడదు. 2ఏ అయితే జాగ్రత్తలు రాసి, పై అధికారి సంతకంతో.

గొడవంతా అవకాశం దగ్గరే. "500 గంటలు ఎగిరాం, ఒక్క ప్రమాదం లేదు" అంటారు. దీన్ని ఎలా చదవాలో ఒక చిన్న సూత్రం ఉంది. సున్నా ప్రమాదాలైతే, 3ను గంటలతో భాగించండి. 3 బై 500 అంటే 167 గంటలకు ఒకటి. అసలు రేటు అంతకంటే చెడ్డది కాదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, అంతకంటే మంచిదని ఈ గంటలు రుజువు చేయవు. ఇప్పుడు మీ ఊరి లెక్క: రోజుకు 30 ట్రిప్పులు, ఒక్కోటి 12 నిమిషాలు, ఏడాదికి దాదాపు 2,190 గంటలు. అంటే ఏడాదికి 13 సార్లు పడే అవకాశాన్ని కూడా ఆ 'సున్నా' కొట్టివేయలేదు. ఆ 500 గంటలు ఇదే మోడల్, ఇదే సాఫ్ట్‌వేర్, ఇంత బరువుతో ఎగిరినవేనా అన్నది తర్వాతి ప్రశ్న.

సాయంత్రం బజారు గడికి 3ఏ వచ్చిందనుకోండి. దాన్ని 2 చేయడానికి 'పైలట్లకు శిక్షణ ఇస్తాం' అని రాస్తే సరిపోదు. దారిని ఉదయసముద్రం అంచుకు జరపండి, వేళను పొద్దున ఆరూ ఏడు మధ్యకు మార్చండి, బరువు తగ్గించండి. మళ్లీ నడిచి మళ్లీ లెక్కపెట్టండి. నీళ్ల మీద కూడా చేపలు పట్టేవాళ్ల తెప్పలు ఎన్నున్నాయో చూసుకోవాలి. దారి ఒక కిలోమీటరు పెరిగితే 6వ అంశంలోని బ్యాటరీ లెక్క మొదటికొస్తుంది.

10. పడ్డాక

లేచే చోట, దించే చోట గోడకు ఒకే కాగితం అంటించి ఉండాలి. పట్టీలో ఉన్న వార్డుల కౌన్సిలర్లకూ అదే కాగితం. అందులో ఇవి చాలు: మనిషికి దెబ్బ తగిలితే 108. మంట, పొగ వస్తే 101. లిథియం బ్యాటరీ పొగ విషం, గాలి వచ్చే వైపు నిలబడాలి, మంట ఆరినట్టు కనబడినా మళ్లీ అంటుకుంటుంది కాబట్టి గంటలకొద్దీ దగ్గరికి పోకూడదు. కరెంటు తీగల మీద పడితే 1912 (కరెంటు వాళ్ల నంబరు). వెదురు గడతో తీయడానికి ఎవరూ పూనుకోకూడదు, నీళ్లు చల్లకూడదు. నమూనాల పెట్టె పగిలితే ముట్టకుండా ఆసుపత్రికి కబురు. ప్రమాదాన్ని పైలట్ 48 గంటల్లో డిజిటల్ స్కై ద్వారా డీజీసీఏకు తెలపాలి. కాగితం కింద డ్యూటీలో ఉన్న పైలట్ ఫోన్ నంబరు. సర్వీసు మొదలయ్యే ముందు రోజు ఒకసారి, తర్వాత నెలకోసారి, చెప్పకుండా ఆ నంబరుకు ఫోన్ చేయండి. మూడు రింగుల్లో ఎత్తకపోతే ఆ రోజు ట్రిప్పులు ఆపించండి.